కాయకము – కూర్చున్న రాబడి

వంశధార సముద్రమున గలియు మా కళింగపట్నములో వల లాగనివానికి చేపలలో వాటా లేదు. పడవ యజమానికి మాత్రము కలదు. ఏలయన పడవ మునిగినచో నష్టము వానిదే.

క్రిప్టో నాణెములను 'స్టేకింగ్' చేయగా వచ్చు రాబడి కాయకమగునా యని మన యువకులు కొందరు అడుగుచున్నారు. ముందుగా దాని తీరు తెలియవలెను. ఈథీరియము 2022 సెప్టెంబరులో ఈ పద్ధతికి మారినది. కనీసము 32 ఈథర్లు పూచీగా నుంచినవాడు లావాదేవీలను సరిచూచును. సరిగా జూచిన క్రొత్త నాణెములును కొంత రుసుమును లభించును; వంచించినచో పూచీలో కోత పడును. ఇది కావలివాని కూలి వంటిది. తన నాణెముల నితరుల కప్పగించి కూర్చున్నవాడు పడవ యజమాని.

'యీల్డ్ ఫార్మింగ్' సంగతి వేరు. పేరున సేద్యమున్నది గాని నాగలి లేదు! మారకపు నిధిలో నాణెముల జత నుంచినవారికి, మార్చుకొనువారు చెల్లించు రుసుములో వాటా వచ్చును. అంతవరకు న్యాయమే. పైపెచ్చు పంచిపెట్టు టోకెన్లు మాత్రము ఊరక సృష్టింపబడునవి. కొనువారు తగ్గినచో వాని విలువ కరగును. 2022 మేలో కూలిన టెర్రాను చూడుడు. దానిపై నడచిన యాంకర్ పథకము ఏటికి నూటికి సుమారు 20 ఇచ్చెను. అప్పు గొన్నవారి వడ్డీ అందుకు చాలక నిల్వనిధినుండి పూరించిరి. ఆ ఫలము ఎవరి చెమట?

బసవేశ్వరుడు బిజ్జలుని భండారమును నిర్వహించినవాడు, ధనమును హేయమనలేదు. అయినను ఆయ్దక్కి మారయ్య అక్కరకు మించి ఏరి తెచ్చిన బియ్యమును లక్కమ్మ తిరిగి పోసి రమ్మన్నది. 2022 నుండి మన దేశమున ఈ లాభముపై నూటికి 30 పన్ను కలదు. పన్ను చెల్లించినంతనే అది కాయకము కాదు. కావలి కూలిని దాసోహమునకు స్వీకరింపవచ్చు నందును. రెండవదానిని, ఎవరి సొమ్మో తేలువరకు, నేనొప్పను.