జ్వరంతో ఉన్న బిడ్డను బడికి పంపవచ్చునా?

 

వేములవాడలో ఒక శుక్రవారం జుమా నమాజు ముగిశాక ఒక సోదరుడు నా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. మగ్గాల మీద పనిచేసుకునే మనిషి. ముఖంలో నిద్ర లేదు. "మౌలానా, మా పాపకు మూడు రోజుల నుంచి జ్వరం, దగ్గు. వాళ్ళ తరగతిలో సగం మందికి ఇదే జ్వరమంట. సోమవారం నుంచి పరీక్షలు. పొద్దున మాత్ర వేసి పంపుదామని వాళ్ళమ్మ అంటోంది. రాసిపెట్టి ఉన్నది ఎట్లాగూ జరుగుతది గదా, పంపితే తప్పేంది?" అని అడిగాడు.

ఈ ప్రశ్న అతనొక్కడిదే కాదు. వానలు పడే నెలల్లో ఒకసారి, చలి తగ్గి ఎండలు ముదిరే లోపల మరొకసారి మన బడుల్లో ఫ్లూ జ్వరాలు వ్యాపిస్తూ ఉంటాయి. అప్పుడు ప్రతి ఇంట్లోనూ ఇదే మాట నడుస్తుంది. కాబట్టి ఆ సోదరునికి చెప్పిన జవాబును కొంచెం వివరంగా మీ ముందు ఉంచుతున్నాను.

ఈ ఆందోళన కొత్తది కాదు

2009 మే నెలలో మన దేశంలో స్వైన్ ఫ్లూ మొట్టమొదట నిర్ధారణ అయింది మన హైదరాబాదులోనే. విదేశం నుంచి వచ్చిన ఒక ప్రయాణికునిలో అది బయటపడింది. అదే ఏడాది ఆగస్టులో పుణె నగరంలో 14 ఏళ్ళ విద్యార్థిని ఆ వ్యాధితో మరణించింది. దేశంలో ఆ వ్యాధి వల్ల జరిగిన తొలి మరణం ఒక బడిపిల్లదే. పుణెలో బడులు మూసివేశారు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడి ఏడాది నిండకముందే, 2015 జనవరిలో అది మళ్ళీ విజృంభించింది. ఆ సంవత్సరం దేశం మొత్తం మీద 42 వేలకు పైగా కేసులు, దాదాపు 3 వేల మరణాలు నమోదయ్యాయి. 2023 మార్చిలో మరో రకం ఫ్లూ వ్యాపించినప్పుడు పుదుచ్చేరి ప్రభుత్వం ఎనిమిదో తరగతి వరకు బడులకు పది రోజులు సెలవు ప్రకటించింది.

ఈ మాటలు భయపెట్టడానికి చెప్పడం లేదు. ఫ్లూ సోకిన పిల్లల్లో అత్యధికులు వారం రోజుల్లో అల్లాహ్ దయతో కోలుకుంటారు. కానీ ఏ బిడ్డకు అది తేలికగా పోతుందో, ఏ ఇంట్లో అది ముసలివారి ఊపిరితిత్తుల దాకా వెళుతుందో మనకు తెలియదు. తెలియనప్పుడు జాగ్రత్త వహించడమే బుద్ధిమంతుల లక్షణం.

విధివ్రాత నుంచి విధివ్రాత వైపునకే

"రాసిపెట్టి ఉన్నది జరుగుతుంది" అన్న మాట నిజమే. విధివ్రాతను విశ్వసించడం మన ఈమాన్‌లో భాగం. అయితే ఆ విశ్వాసాన్ని మనకంటే బాగా అర్థం చేసుకున్నవారు ఎలా నడుచుకున్నారో చూడండి.

హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న కాలంలో సిరియా దేశానికి బయలుదేరి సర్గ్ అనే చోటికి చేరుకున్నారు. సిరియాలో తాఊన్ వ్యాధి ప్రబలిందని అక్కడ వారికి కబురు అందింది. ముహాజిర్లను, అన్సార్లను, ఖురైష్ పెద్దలను వరుసగా పిలిచి సలహా అడిగారు. చివరకు వెనుదిరగాలని నిర్ణయించారు. అప్పుడు హజ్రత్ అబూ ఉబైదా (రజి), అల్లాహ్ నిర్ణయం నుంచి పారిపోతున్నారా అని ప్రశ్నించారు. అల్లాహ్ నిర్ణయం నుంచి అల్లాహ్ నిర్ణయం వైపునకే వెళుతున్నామన్నది హజ్రత్ ఉమర్ (రజి) ఇచ్చిన జవాబు సారాంశం. ఒక లోయకు ఒకవైపు పచ్చిక, మరోవైపు ఎండిన నేల ఉంటే, ఒంటెలను ఎటువైపు మేపినా అది అల్లాహ్ విధి ప్రకారమే కదా అని ఆయన వివరించారు. అంతలో హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, వ్యాధి ఉన్న ప్రాంతంలోకి వెళ్ళవద్దనీ, మీరున్న చోట అది వస్తే పారిపోయే ఉద్దేశంతో అక్కడి నుంచి బయటికి వెళ్ళవద్దనీ దైవప్రవక్త (స) బోధించగా తాను విన్నానని చెప్పారు. హజ్రత్ ఉమర్ (రజి) అల్లాహ్‌ను స్తుతించి తిరిగి వెళ్ళారు (బుఖారీ, ముస్లిం).

సోదరులారా! జ్వరం రావడం విధివ్రాత అయితే, ఆ బిడ్డను ఇంట్లో పడుకోబెట్టుకునే తెలివిని అల్లాహ్ మనకు ఇవ్వడమూ విధివ్రాతే. ఒంటెను కట్టివేసి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం మోపమని ప్రవక్త (స) నేర్పారు (తిర్మిజీ). కట్టే తాడు చేతిలో ఉండగా కట్టకుండా వదిలేసి, దానికి తవక్కుల్ అని పేరు పెట్టడం మనకు తగదు.

"అంటువ్యాధి లేదు" అన్న హదీసు సంగతేమిటి?

కొందరు చదువుకున్న సోదరులు కూడా ఈ హదీసును ముందుకు తెస్తారు. అజ్ఞాన కాలపు అరబ్బులు రోగం తనంతట తానే, దేవుని ఆజ్ఞతో పనిలేకుండా ఒకరి నుంచి మరొకరికి పాకుతుందని నమ్మేవారు. ఆ నమ్మకాన్ని ప్రవక్త (స) ఖండించారు. ఒక పల్లెవాసి తన ఒంటెల మందలోకి గజ్జి ఒంటె చేరితే అన్నిటికీ గజ్జి వస్తుందని చెప్పినప్పుడు, మరి మొట్టమొదటి ఒంటెకు ఎవరు అంటించారని ఆయన అడిగారు. ఆ ప్రశ్న అతని చూపును సృష్టికర్త వైపు తిప్పింది. అదే ప్రవక్త (స), జబ్బు చేసిన ఒంటెలను ఆరోగ్యంగా ఉన్న ఒంటెల దగ్గరకు తోలుకురావద్దని కూడా ఆదేశించారు (బుఖారీ, ముస్లిం). ఈ రెండు మాటలనూ కలిపి చదవాలి. మొదటిది మన విశ్వాసాన్ని సరిచేస్తుంది, రెండోది మన నడవడికను సరిచేస్తుంది. పశువుల విషయంలోనే ఇంత జాగ్రత్త చెప్పిన ధర్మం, మనిషి బిడ్డల విషయంలో ఏమంటుందో వేరే చెప్పాలా?

హదీసు శాస్త్రంలో మహా పండితులైన హాఫిజ్ ఇబ్నె హజర్ అస్ఖలానీ (రహ్మతుల్లాహి అలైహి) తాఊన్ గురించి ఒక గ్రంథమే రచించారు. దాని పేరు బజ్లుల్ మాఊన్. తన ముగ్గురు కుమార్తెలను ఆ వ్యాధిలోనే పోగొట్టుకున్న తండ్రి ఆయన. హిజ్రీ 833లో కైరో నగరంలో తాను కళ్ళారా చూసినది ఆయన అందులో వ్రాశారు. వ్యాధి మొదట్లో రోజుకు నలభై మంది లోపే మరణిస్తుండగా, జనం మూడు రోజులు ఉపవాసం ఉండి, మైదానంలో గుమిగూడి దుఆ చేశారు. ఆ నెల గడవకముందే రోజువారీ మరణాలు వెయ్యి దాటాయి. దుఆలో లోపమేమీ లేదు. ఇంట్లో కూర్చుని చేసిన దుఆను కూడా అల్లాహ్ వింటాడు. రోగకాలంలో గుంపుగా చేరడం గురించే మనం ఆలోచించాలి.

నేను చేసిన పొరపాటు

ఇతరులకు చెప్పే ముందు నా సంగతి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం నేను మక్తబ్‌లో పిల్లలకు ఖుర్ఆన్ నేర్పుతున్నప్పుడు, ఒక అబ్బాయి ఒళ్ళు కాలిపోతున్నా సబక్ తప్పకూడదని వచ్చాడు. నేను అతన్ని అందరి ముందు మెచ్చుకున్నాను, శ్రద్ధ అంటే ఇదీ అన్నాను. ఆ వారం తిరిగేసరికి దరీ మీద సగం చోటు ఖాళీ. వారిలో ఒక బిడ్డ నుంచి ఇంట్లో నానమ్మకు పాకి, ఆమె పది రోజులు ఆసుపత్రిలో ఉండవలసి వచ్చింది. అల్లాహ్ దయవల్ల ఆమె కోలుకుంది. కానీ ఆ రోజు నేను మెచ్చుకున్నది దేనినో తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గనిపిస్తుంది.

జుమా నమాజు రోగి మీద విధి కాదు. వాన కురిసే చలిరాత్రి ఇళ్ళలోనే నమాజు చేసుకోండని అజాన్‌లోనే ప్రకటించిన సంప్రదాయం మనది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసే సత్కార్యాల పుణ్యం, జబ్బుపడి చేయలేకపోయినప్పుడు కూడా వ్రాయబడుతుందని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు (బుఖారీ). అల్లాహ్ ఇంటి హాజరుకే ఇంత వెసులుబాటు ఉండగా, బడి హాజరు పట్టీకి అంతకంటే ఎక్కువ బిగింపు ఎందుకు? ఒక్కరోజూ మానని పిల్లలకు బహుమతులిచ్చే ఉపాధ్యాయులు, జ్వరం వచ్చిన రోజులను లెక్క నుంచి తీసివేయాలని మనవి చేస్తున్నాను.

ఎవరి నాలుక నుంచి, చేతి నుంచి తోటివారు సురక్షితంగా ఉంటారో అతనే ముస్లిం అని మనం చిన్ననాటి నుంచీ వింటున్నాము. మన దగ్గు నుంచి కూడా వారు సురక్షితంగా ఉండాలి కదా! పక్క బెంచీలో కూర్చునే బిడ్డ ఏ మతానికి చెందినా, ఆ బిడ్డకు మన మీద పొరుగువారి హక్కు ఉంది.

వేలెత్తి చూపకండి

ఇంకొక ముఖ్యమైన మాట. ఫలానా వారి పిల్లవాని వల్లనే ఈ జ్వరం వచ్చిందని అనేవారు ప్రతి వాడలోనూ ఉంటారు. 2020 మార్చిలో కరీంనగర్‌లో ఏం జరిగిందో మనకు గుర్తుంది. బయటి దేశం నుంచి వచ్చిన కొందరికి కరోనా తేలినప్పుడు, వారెవరో ముఖం కూడా చూడనివారు ఎన్ని చూపులు, ఎన్ని మాటలు భరించారు! రోగం పేరు పెట్టి ఒక సమాజాన్ని చూస్తే ఎంత నొప్పి కలుగుతుందో మనకు తెలుసు. తెలిసిన మనమే అదే చూపు ఒక పసిబిడ్డ మీద వేయకూడదు. వేలెత్తి చూపితే జనం రోగాన్ని దాచిపెడతారు. దాచిన రోగమే పది ఇళ్ళకు పాకుతుంది. జ్వరాన్ని తిట్టిన ఒక మహిళను, దాన్ని తిట్టవద్దని ప్రవక్త (స) వారించారు (ముస్లిం). జ్వరాన్నే తిట్టకూడనప్పుడు జ్వరం వచ్చిన బిడ్డను ఎలా నిందిస్తాము?

ఆ తల్లి కూలి సంగతి

బిడ్డను ఇంట్లో ఉంచమని చెప్పడం తేలిక. మన సిరిసిల్ల, వేములవాడ ప్రాంతంలో ఎందరో తల్లులు బీడీలు చుట్టి బ్రతుకుతున్నారు. వెయ్యి బీడీలకు ఇంతని లెక్క. బిడ్డ పక్కన కూర్చుంటే ఆ వెయ్యి పూర్తికావు. భర్త దుబాయిలోనో, మస్కట్‌లోనో ఉంటే అత్తమామలను, పిల్లలను ఆమె ఒక్కతే చూసుకోవాలి. అలాంటి తల్లి మాత్ర వేసి బడికి పంపితే, ఆ తప్పులో ఆమెను ఒంటరిగా వదిలేసిన మనకూ వాటా ఉంది.

కాబట్టి రోగిని పరామర్శించడమంటే గుమ్మం దగ్గర నిలబడి నాలుగు మాటలు చెప్పి రావడమే అనుకోకండి. రెండు పూటల అన్నం, పప్పు పంపండి. మందుల చీటీ తీసుకుని మీరే వెళ్ళి తెచ్చిపెట్టండి. మస్జిద్ కమిటీల వద్ద సదఖా సొమ్ము ఉంటే, ఇలాంటి రెండు మూడు రోజుల కూలిని భర్తీ చేయడం కంటే మంచి ఖర్చు ఏముంటుంది? జ్వరం ఉన్న బిడ్డ బడికి రాకపోవడానికి ఇదే అన్నిటికంటే బలమైన ఉపాయం.

ఆచరణలో ఏం చేయాలి?

ఫ్లూ దగ్గు, తుమ్ముల తుంపర్ల ద్వారా, ఆ తుంపర్లు అంటిన చేతుల ద్వారా పాకుతుంది. లక్షణాలు కనిపించడానికి ఒకరోజు ముందు నుంచే మొదలై, ఆ తర్వాత అయిదు నుంచి ఏడు రోజుల వరకు ఇతరులకు సోకవచ్చు. పిల్లల్లో ఇంకొన్ని రోజులు ఎక్కువే. అందువల్ల మాత్ర వేయకుండానే జ్వరం తగ్గి, పూర్తిగా ఒక రోజు గడిచేదాకా బిడ్డను ఇంట్లోనే ఉంచండి. పొద్దున వేసిన పారాసిటమాల్ జ్వరాన్ని కొన్ని గంటలు దాచిపెడుతుంది, అంతే. మధ్యాహ్నానికి అది మళ్ళీ వస్తుంది. ఆలోపు బిడ్డ పదిమంది మధ్య కూర్చుని ఉంటుంది.

తుమ్ము వచ్చినప్పుడు ప్రవక్త (స) తమ చేతితోనో, వస్త్రంతోనో ముఖాన్ని కప్పుకుని శబ్దం తగ్గించేవారు (అబూదావూద్, తిర్మిజీ). పిల్లలకు ఈ సున్నత్‌ను నేర్పండి. చెయ్యి అడ్డం పెట్టుకుంటే వెంటనే కడుక్కోమని చెప్పండి. వుజూ అయిదు పూటలా చేస్తున్నా, సబ్బుతో చేతులు కడుక్కోవడం అదనంగా అలవాటు చేయండి. మదరసా వసతిగృహాల్లో, గురుకులాల్లో ఒకే గ్లాసుతో అందరూ నీళ్ళు త్రాగకుండా, జ్వరం వచ్చినవారు వేరే గదిలో పడుకునేలా బాధ్యులు చూడాలి. దగ్గు ఉన్నవారు ముసాఫహా చేయకుండా నోటితో సలాం చెబితే చాలు.

వైరస్ మీద యాంటీబయాటిక్ మందులు పనిచేయవు. తెలిసీ తెలియనివారి దగ్గర సూది వేయించకండి. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకండి. ఊపిరి వేగంగా ఆడుతున్నా, పెదవులు నీలంగా మారినా, బిడ్డ నీళ్ళు త్రాగకపోయినా, మగతగా పడి ఉన్నా, తగ్గిన జ్వరం మళ్ళీ ఎక్కువైనా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఫ్లూకి మందు ఉంది. డాక్టరు సలహాతో మొదటి రెండు రోజుల్లోనే మొదలుపెడితే అది బాగా పనిచేస్తుంది. అల్లాహ్ నివారణ లేని రోగాన్ని దింపలేదని మన ప్రవక్త (స) తెలిపారు (బుఖారీ). దుఆ చదవండి, డాక్టరు దగ్గరకూ వెళ్ళండి. రెండూ అల్లాహ్ చూపిన దారులే.

ఆ సోదరునితో కూడా నేను ఇదే చెప్పాను. పరీక్ష పోతే మరో పరీక్ష వస్తుంది, బడికి వెళ్ళి పెద్దసారుతో ఉన్నమాట చెప్పమన్నాను. అతను కాసేపు ఆలోచించి, "మరి వాళ్ళమ్మకు మీరే ఫోన్‌లో చెప్పండి మౌలానా" అన్నాడు. చెప్పాను. ఆ తల్లి విన్నది. పక్కింటి ఆమె ఆ పూట వంట చేసి పంపిందని తర్వాత తెలిసింది. అల్‌హమ్దులిల్లాహ్!

ఓ అల్లాహ్! మా బిడ్డలకు, మా పొరుగువారి బిడ్డలకు ఆరోగ్యాన్ని ప్రసాదించు. జబ్బుపడిన వారికి సంపూర్ణ స్వస్థత చేకూర్చు. వారికి సేవచేసే తల్లులకు ఓర్పును, మాకు వారి భారం పంచుకునే మనసును అనుగ్రహించు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్!