విషానికి పుట్టిల్లు

బూజు సోకిన ఆకును దగ్గరగా చూస్తే గోధుమరంగు మచ్చ, దాని చుట్టూ పసుపు వలయం కనబడతాయి. చాలాసార్లు ఆ వలయం దాకా బూజు ఇంకా చేరి ఉండదు. దాని విషమే ముందు పోయి దారి చేసిపెడుతుంది. అలాంటి విషాలను తీసి కలుపుమందుగా చల్లే ప్రయత్నాలు చాలాకాలంగా సాగుతున్నాయి. ఇది ప్రకృతి ఇచ్చిందే కదా, పాపం తక్కువ అన్న భావనా వెంటే వస్తోంది. ఆ మాట నిలవదు. విషం ఎక్కడ పుట్టిందన్నది కాదు, దాన్ని ఎంతవరకు పోనిస్తున్నామన్నదే ధర్మప్రశ్న.

తడిసిన వేరుశనగకాయకు పట్టే బూజు అఫ్లాటాక్సిన్‌ను తయారుచేస్తుంది. ఏ ఫ్యాక్టరీలోనూ పుట్టని ఆ విషమే కాలేయ క్యాన్సర్ తెస్తుంది. టమాటా కాండాన్ని తినేసే ఆల్టర్నేరియా అనే బూజు విషాన్ని కలుపుమందుగా పరీక్షించారు. అది గుర్రాల మెదడును దెబ్బతీసే ఫ్యుమోనిసిన్ అనే బూజు విషానికి దగ్గర చుట్టం. సహజ విషాలు ఎండకు, మట్టికి త్వరగా విరిగిపోతాయి కదా అంటారు. చాలావాటి విషయంలో నిజమే. అప్పుడు మెచ్చుకోవాల్సింది విరిగిపోయే గుణాన్ని, పుట్టుకను కాదు. పైగా బూజు వేరు, దాని విషం వేరు. అమెరికాలో 1982లో అనుమతి పొందిన కొలెగో కలుపుమందులో ఉన్నది బతికున్న బూజు. వరిలో ఒక్క కలుపునే అది వెతికి పట్టుకుంటుంది. బూజు నుంచి విడదీసిన విషానికి చాలాసార్లు ఆ విచక్షణ ఉండదు.

సేద్యమంటేనే హింస, కొడవలితో కోసినా మొక్క చావాల్సిందే కదా అనవచ్చు. అవును. కానీ కొడవలి కంటికి ఆనినంత మేరే పోతుంది. చల్లిన మందు గాలితో, నీటితో గట్టు దాటుతుంది. గట్టు అవతల ఉన్నది అందరికీ కలుపు కాదు. శ్రీహరికోట దీవి అడవిలో యానాది గిరిజనులు తిండినీ మందునూ వెతుక్కునేవారు; 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంపిక చేశాక వాళ్లలో చాలామంది కదలాల్సి వచ్చింది. బయటివాడికి పిచ్చిమొక్కే వాళ్లకు వైద్యం. ఆ పక్కనే పులికాట్ సరస్సు చుట్టుపక్కల అల్లుకున్న సర్కారు తుమ్మది తిరగబడిన కథ: ఒకప్పుడు సర్కారు చలవ, ఇవాళ పీకినా పోని పీడ. కలుపన్నది మనం పెట్టే పేరు. పేరు మార్చుకోవచ్చు, చంపినదాన్ని తెచ్చుకోలేం.

శ్రీహరికోట ఉన్న తిరుపతి జిల్లాలోనే సురుటుపల్లి ఉంది. అక్కడ హాలాహలం మింగిన శివుడు పార్వతి ఒడిలో తల పెట్టి పడుకుని ఉంటాడు. ఆ విషం పుట్టిల్లూ పాలకడలే, అమృతం పుట్టిన చోటే. అయినా పాలకడలి బిడ్డ కదా అని ఆయన దాన్ని లోకం మీదికి వదల్లేదు, గొంతు దాటనివ్వలేదు. అంతటివాడికే సొమ్మసిల్లేంత బరువైన పని అది. సహజమన్న ముద్ర చూసి మందు డబ్బా మూత తీసే చేతికి ఆ బరువు కొంతైనా తెలియాలి.