404 అబద్ధమా?

గిట్‌హబ్‌లో ఎవరిదో ఒక ప్రైవేట్ రిపాజిటరీ ఉందనుకోండి. దాన్ని చూసే అనుమతి మీకు లేదు. అయినా పేరు ఊహించి ఏపీఐని అడిగితే జవాబుగా 404 వస్తుంది. నాట్ ఫౌండ్, దొరకలేదు. అసలు ఎక్కడా లేని పేరుతో అడిగినా అదే 404, అవే రెండు మాటలు. కానీ ఆ రిపాజిటరీ ఉంది. ఉన్న సంగతి సర్వర్‌కి తెలుసు. మీకు అనుమతి లేదన్న సంగతీ తెలుసు. అది చెప్పడానికి 403 అని వేరే కోడ్ కూడా ఉంది. అయినా "దొరకలేదు" అంటుంది.

పొరపాటున అనడం లేదు. 403 ఇచ్చిందంటే "చూపించను" అనడంతో పాటు "ఉంది" అని కూడా చెప్పేసినట్టే. ఓ కంపెనీ ఇంకా ప్రకటించని ప్రాడక్ట్ పేరే రిపాజిటరీకి పెట్టుకుని ఉంటే, తోచిన పేర్లన్నీ వరసగా అడిగి, 403 వచ్చినవాటిని ఏరుకుంటే చాలు, గుట్టు రట్టు. అందుకే 2022 నాటి హెచ్‌టీటీపీ ప్రమాణం, ఆర్‌ఎఫ్‌సీ 9110, 404కి రెండర్థాలు ఇచ్చింది: దొరకలేదు, లేదా ఉందని బయటపెట్టడం ఇష్టం లేదు.

నిర్వచనంలోనే ఉంది కాబట్టి ఇక అబద్ధం ఎలా అవుతుందని అడగొచ్చు. నాకైతే ఈ వాదన ధర్మరాజు చివర్లో గొణిగిన ఏనుగు మాటలాగే వినిపిస్తుంది. ద్రోణుడి చెవిన పడిందేమిటన్నదే కదా లెక్క. ఆర్‌ఎఫ్‌సీలు తిరగేసి ఎవరూ 404ని చదవరు. చదివినవాళ్ళకి అందేది "లేదు" అన్న మాటే.

ఈ తగువు పాతదే. హంతకుడు తలుపు తట్టి, నీ స్నేహితుడు లోపలున్నాడా అని అడిగినా సరే అబద్ధం చెప్పకూడదని 1797లో కాంట్ పట్టుబట్టాడు. ఫ్రెంచ్ రచయిత బెంజమిన్ కాన్‌స్టాంట్ వాదనకి అది జవాబు. నిజం చెప్పడం బాధ్యతే గానీ, ఆ నిజం మీద హక్కున్నవాళ్ళకి చెప్పడమే బాధ్యత అన్నది కాన్‌స్టాంట్ వాదన. మన సర్వర్లు నిస్సందేహంగా కాన్‌స్టాంట్ పార్టీ. పర్మిషన్ అంటే మరేమిటి, నిజం మీద హక్కే కదా.

అమెజాన్ ఎస్3 ఇదే గుట్టుని తలకిందులుగా దాస్తుంది. బకెట్‌లో ఏమున్నాయో జాబితా చూసే అనుమతి ఉన్నవాళ్ళు లేని ఫైల్‌ని అడిగితే 404 వస్తుంది. ఆ అనుమతి లేనివాళ్ళు అదే లేని ఫైల్‌ని అడిగితే 403, యాక్సెస్ డినైడ్. లేని గదికి తాళం వేసి చూపించినట్టు. జవాబు ఫైల్ గురించి కాదు, అడిగినవాళ్ళ గురించి. నైతికంగా నాకు ఇదే కాస్త శుభ్రంగా కనిపిస్తుంది. "నీకు చెప్పను" అన్నది ఫైల్ ఉన్నా నిజమే, లేకపోయినా నిజమే.

కానీ దీని ఖర్చు దీనికుంది. ఫైల్ పేరులో ఒక్క అక్షరం తప్పు కొట్టిన కొత్త ఇంజనీర్ 403 చూసి ఏం చేస్తుంది? పేరు సరిచూసుకోదు, పర్మిషన్ల వెంట పడుతుంది. టికెట్ వేస్తుంది, అడ్మిన్‌ని బతిమాలుతుంది. రెండో రోజుకి విసుగొచ్చిన అడ్మిన్ పాలసీలో నక్షత్రం గుర్తు పెట్టి అన్ని పనులకీ అనుమతి ఇచ్చేస్తాడు. అప్పుడు వస్తుంది 404. ఆ పేరుతో ఫైల్ ఎప్పుడూ లేదు. తలుపులు మాత్రం అన్నీ తెరుచుకున్నాయి. (ఆ నక్షత్రాన్ని తర్వాత ఎవరైనా తీసేస్తారా అంటే, మీరు ఏ ఆఫీసులో పనిచేస్తున్నారో చెప్పండి.)

చూపించనని చెబుతూనే ఎందుకు చూపించడం లేదో కూడా చెప్పే కోడ్ ఒకటుంది, 451. చట్టపరమైన కారణాల వల్ల అందుబాటులో లేదని దానర్థం. బ్రాడ్‌బరీ నవల 'ఫారెన్‌హీట్ 451' గుర్తుగా ఆ అంకె. 2016లో ఆర్‌ఎఫ్‌సీ 7725గా దీన్ని రాసిన టిమ్ బ్రే, ఏ డిమాండ్ వల్ల ఆపారో ఆ వివరం కూడా జవాబులో ఉండాలన్నాడు. కాపీరైట్ ఫిర్యాదుతో తీసేసిన రిపాజిటరీకి గిట్‌హబ్ ఈ 451 ఇస్తుంది. అంటే ఆ సర్వర్‌కి ఇలా మాట్లాడడం చేతకాక కాదు.

నాకు ఊహ తెలియని అపరిచితుడికి 404 ఇస్తే పేచీ లేదు. మూడేళ్ళు రాత్రింబవళ్ళు ఓ రిపాజిటరీలో కోడ్ రాసి, నిన్న ఉద్యోగం పోయిన మనిషి సంగతి వేరు. ఈ రోజు ఆమె అదే చిరునామా కొడితే వచ్చేది "నీ అనుమతి తీసేశాం" కాదు, "దొరకలేదు". ఆమె దగ్గర దాచడానికి రహస్యమేమీ లేదు. ఉందని ఆమెకి తెలుసు, అందులో ఏ ఫైల్ ఎక్కడుందో కూడా తెలుసు. ఆమెకి 403 ఇవ్వడానికి మాత్రం, ఒకప్పుడు ఈమెకి హక్కు ఉండేదని సర్వర్ గుర్తుపెట్టుకోవాలి. అలా గుర్తుపెట్టుకుంటే, రేపు ఆమె అకౌంట్ కొట్టేసినవాడికి కూడా ఆ 403 అందుతుంది. అందుకని పేర్లు ఊహించి అడిగేవాడికి వచ్చే 404నే ఆమెకీ వస్తుంది.