వెళ్ళిపోని అతిథి

కాశీబుగ్గలో మా ఇంటి వెనక పోర్షన్‌లో ఉద్దానం ప్రాంతం నుంచి వచ్చిన దంపతులు అద్దెకుంటున్నారు. ఆయన కొబ్బరిచెట్లెక్కి బతికినవాడు. ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్. నాలుగేసి గంటలు మిషను దగ్గరే. ఇంటికొచ్చాక ఇక లేవలేడు. డయాలసిస్ సూదులు గుచ్చే ఫిస్టులా ఉన్న చేత్తో బిందె ఎత్తకూడదు, తాగే నీళ్ళకీ కొలతే. పలాసలో 2023లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది. దాని దగ్గర్లో, మెట్లెక్కక్కర్లేని గది కోసం వీళ్ళు వీధివీధీ తిరిగారు.

ఎవరూ ఎందుకివ్వలేదో నాకు తెలుసు. అద్దె రాదని కాదు, నెలకు 10,000 రూపాయల పింఛను వస్తుంది. భయమల్లా ధనిష్ఠా పంచకం, ఆ నక్షత్రాల్లో చావు జరిగిన ఇల్లు మూసెయ్యాలన్న నమ్మకం. "మాస్టారూ, ఆయనకేటైనా అయితే ఇల్లు నెలలకి నెలలు పాడెట్టుకోవాల గదా!" అని పక్కింటావిడ నన్ను కోప్పడింది. వాళ్ళకి ఉప్పు తగ్గించి కూర వండి పంపేదీ ఆవిడే.

పంచాంగం నేనూ చూస్తాను. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. మన దానధర్మాలు ఎక్కువగా దారిన పోయేవాడి కోసం పుట్టాయి. సత్రంలో మూడు రాత్రులు, గోదావరి సీమలో అన్నదానం చేసిన డొక్కా సీతమ్మగారింట ఒక విస్తరి. ఆ తల్లికి వంక పెట్టేటంతటివాణ్ణి కాను గానీ, గోదావరి దాటి వచ్చినవాడు తిని తన దారిన పోయేవాడు. తగ్గని జబ్బుమనిషి పోడు. ఏళ్ళ తరబడి ఉంటాడు, మనింట్లోనే కన్నుమూయవచ్చు. అతని పట్ల గృహస్థు ధర్మమేమిటి?

జవాబు బౌద్ధ భిక్షువుల నియమాల పుస్తకం వినయపిటకంలో దొరికింది. (వంశధార ఒడ్డున శాలిహుండం బౌద్ధ స్తూపాలున్న జిల్లా మాది, పిక్నిక్కులకు వెళ్తాం, ఆ పుస్తకం మాత్రం తెరవం.) విరేచనాలతో మలంలోనే పడివున్న ఒక భిక్షువును బుద్ధుడూ ఆనందుడూ కడిగి మంచమెక్కించారు. మీరెందుకు చూడలేదని అడిగితే, అతనివల్ల మాకేం ఉపకారం లేదు గనక అన్నారు తక్కిన భిక్షువులు. మనం పైకి అనలేని మాట! అప్పుడు పెట్టిన నియమం ఇది: గురువుంటే గురువు, శిష్యుడుంటే శిష్యుడు జీవితాంతమైనా కనిపెట్టుకుని ఉండాలి, ఎవరూ లేకుంటే సంఘమే చూసుకోవాలి. పూర్వజన్మలో ఏం పాపం చేశాడని బుద్ధుడు విచారించలేదు. కర్మను బోధించిన ఆయనే విచారించలేదు.

ఒక్క ఇంటికి ఇది బరువే, నాకూ బరువే. అందుకే దేవుడి పేరిట కల్యాణ మండపాలు కట్టిస్తున్న పెద్దలకు నా విన్నపం: డయాలసిస్ కేంద్రాల పక్కన, కింద అంతస్తులో నాలుగు గదులు కట్టించండి. ఖాళీ చెయ్యాల్సిన తేదీ పెట్టకండి. అక్కడ చావు జరిగిందని గదికి తాళం వెయ్యకండి.