నిరీక్షణము – తపస్సా? తాపమా?

ఎదురుచూచుట మానవజన్మమునకు తప్పనిది. విత్తు చల్లిన రైతు వానకు ఎదురుచూచును. గర్భము దాల్చిన తల్లి నెలలు నిండుటకు ఎదురుచూచును. కొండనెక్కిన యాత్రికుడు స్వామి దర్శనమునకు ఎదురుచూచును. ఇవన్నియు నిరీక్షణములే. అయినను ఒక నిరీక్షణము మనస్సును పండించుచున్నది; మరియొకటి మనస్సును మండించుచున్నది. మొదటిది తపస్సు, రెండవది తాపము. ఈ రెండు పదములకును మూలమైన ధాతువు ఒక్కటే. నిప్పు ఒక్కటే అయినను పొయ్యిలో నున్నప్పుడు అన్నము వండును. చూరునకు అంటుకొన్నప్పుడు ఇల్లు కాల్చును. అట్లే నిరీక్షణమునందలి వేడి ఎప్పుడు తపస్సగునో, ఎప్పుడు తాపమగునో విచారింపవలసి యున్నది.

ఈ విచారణకు పురాణగాథ యక్కరలేదు. నేటి గృహములందు జరుగు చిన్న సంఘటన చాలును.

అమెరికా దేశమున ‘చీర్‌లీడింగ్’ అను క్రీడ యొకటి ప్రసిద్ధమై యున్నది. 1898వ సంవత్సరము నవంబరు నెలలో మిన్నెసోటా విశ్వవిద్యాలయమువారి ఫుట్‌బాల్ పోటీలో జానీ క్యాంప్‌బెల్ అను విద్యార్థి ప్రేక్షకుల ఎదుట నిలిచి, అందరిచేతను ఒక్క గొంతుతో జయధ్వానములు పలికించెను. ఈ క్రీడకు అదియే ఆరంభమని చెప్పుదురు. తొలుత ఇది పురుషుల పనిగనే యుండెను; కొన్ని దశాబ్దములకు స్త్రీలును ప్రవేశించిరి. 1948లో లారెన్స్ హెర్కిమర్ అనునతడు టెక్సాస్ రాష్ట్రమున దీనికై శిక్షణ శిబిరము నడిపెను. క్రీడాకారులను ఉత్సాహపరచుటకై పుట్టిన ఈ విద్య కాలక్రమమున తానే ఒక పోటీగా మారినది. 2021లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము దీని ప్రపంచసమాఖ్యకు సంపూర్ణమైన గుర్తింపు నొసగినది.

పోటీలో ఒక్కొక్క జట్టునకు లభించు కాలము సుమారు రెండున్నర నిమిషములు. ఆ స్వల్పకాలమునకై పిల్లలు నెలల తరబడి సాధన చేయుదురు. ముగ్గురు నలుగురు క్రింద నిలిచి, ఒక బాలికను అరచేతులపై నిలిపి, గాలిలోనికి ఎగురవేయుదురు. ఎగురు బాలికను ‘ఫ్లయర్’ అనియు, మోయువారిని ‘బేస్’ అనియు, వెనుక కాపుండువారిని ‘స్పాటర్’ అనియు అందురు. క్రిందివారు ఒక్క రెప్పపాటు ఏమరినను పైనున్న బాలిక నేలపై పడును.

టెక్సాస్‌లోని డాలస్ నగర పరిసరములందు తెలుగు కుటుంబములు వేలకొలదిగా స్థిరపడియున్నవి. అచటి జట్లలో తెలుగింటి బాలికయు చేరుట నేడు వింత కాదు. అట్టి బాలిక కొకతెకు విజయవాడలో అమ్మమ్మయు, తాతయ్యయు ఉన్నారనుకొందము. ఫిబ్రవరి మాసాంతమున పోటీ. డాలస్‌లో శనివారము మధ్యాహ్నము రెండు గంటలు; ఇచట అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర. ఇంటనున్న మనుమడు ఫోనులోని ప్రసారమును టీవీకి కలిపిపెట్టెను. దంపతులిద్దరును నిద్ర మానుకొని కూర్చుండిరి. ఒక జట్టు వెనుక ఒక జట్టు వచ్చి పోవుచున్నది. తుదకు మనుమరాలి జట్టు వచ్చినది. బాలిక తోటివారి చేతులమీదికి ఎక్కినది. సరిగా ఆ క్షణమున బొమ్మ నిలిచిపోయి, తెర నడుమ చిన్న చక్రము గిరగిర తిరుగసాగెను. మరల బొమ్మ కదలునప్పటికి జట్టు చేతులూపుచు వేదిక దిగిపోవుచుండెను.

తాతయ్యకు ఆగ్రహము ముంచుకొని వచ్చినది. మనుమని కసరెను. “పోనీలెండి” అన్న భార్యను కసరెను. తెల్లవారిన పిమ్మట బాలిక ఉత్సాహముతో ఫోను చేసినది.

“తాతయ్యా, చూశారా? నన్ను పైకి ఎగరేసినప్పుడు చూశారా?”

“ఏం చూడటం తల్లీ! సరిగ్గా అప్పుడే ఆగి చచ్చింది. రాత్రంతా మేలుకున్నది దండగ.”

బాలిక మరి మాటాడలేదు. అప్పుడు అమ్మమ్మ ఫోను అందుకొనెను.

“నేనూ చూడలేదే అమ్మా. నువ్వే చెప్పు. అంత పైకి వెళ్తే భయం వెయ్యలేదా?”

“ఎందుకు అమ్మమ్మా? కింద వాళ్లున్నారుగా. నేను చూడక్కర్లేదు, వాళ్లుంటారు.”

ఆ పిమ్మట బాలిక పావుగంటసేపు ఆపకుండ చెప్పినది, అమ్మమ్మ వినినది.

ఇరువురును ఒకే రాత్రి మేల్కొనిరి. ఇరువురకును ఒకే దృశ్యము తప్పిపోయినది. ఒకరికి రాత్రి దండగయైనది, మరియొకరికి పండినది. కావున ఆలస్యమే కోపమునకు కారణమని చెప్పుటకు వీలులేదు. ఆలస్యమే కారణమైనచో ఇరువురకును కోపము రావలసి యుండెను.

ఆ చక్రము ఏల తిరుగునో కూడ తెలిసికొనదగును. దృశ్యము మన ఇంటికి అఖండముగా రాదు. కొన్ని క్షణముల నిడివిగల చిన్న ఖండములుగా విభజింపబడి, సముద్రగర్భమున పరచిన సన్నని గాజుతీగలలో వెలుగురూపమున పయనించి, 14,000 కిలోమీటర్లకు పైబడిన దూరము దాటి చేరును. వచ్చిన ఖండములు కొన్నింటిని ముందుగా కూడబెట్టుకొని యంత్రము మనకు చూపును. దారిలో రద్దీ హెచ్చినను, ఇంటిలోని సంకేతము బలహీనమైనను ఆ నిలువ తరిగిపోవును. అప్పుడు యంత్రము ఆగి, మరల కూడబెట్టుకొనును. ప్రత్యక్ష ప్రసారమైనచో కొన్ని వేళల జరిగిపోయిన దానిని విడిచి, జరుగుచున్న దానిని అందుకొనును. ఆ చక్రమునకు ఎవరిమీదను పగ లేదు. నిలువ నిండుకొన్నదని అది తెలుపుచున్నది, అంతియే. మనస్సు విషయమును ఇట్టిదే. శాంతి నిలువయున్నంతవరకు చిన్న అంతరాయములు తెలియవు. నిలువ లేనివానికి అరనిమిషపు ఆలస్యమును భరింపరానిదగును.

మరి ఈ నిలువ ఏల తరుగును? భగవద్గీత ద్వితీయాధ్యాయమున శ్రీకృష్ణభగవానుడు దీని క్రమమును తెలిపియున్నాడు. విషయములను చింతించుటవలన సంగము, సంగమువలన కామము, కామమువలన క్రోధము, క్రోధమువలన సమ్మోహము పుట్టును. ఇచట గమనింపవలసినది, క్రోధము ద్వేషమునుండి పుట్టినదని చెప్పలేదు, కామమునుండి పుట్టినదనెను. తాతయ్య కోపమునకు మూలము ప్రేమయే. ఆ ప్రేమలో ‘నేను చూడవలెను, ఇప్పుడే చూడవలెను’ అను పట్టుదల చేరినది. అది చేరినంతనే మనుమరాలు ప్రక్కకు తొలగి, తన చూపే ముఖ్యమైనది. పిమ్మట వచ్చినది సమ్మోహము. ఎవరికొరకై మేల్కొనెనో ఆ బిడ్డయే మాటాడుచున్నను, ఆతనికి చక్రమే కనబడుచున్నది!

“దైవదర్శనమునకై వేచియుండుట వేరు, యంత్రము నెదుట వేచియుండుట వేరు కదా” అని కొందరనవచ్చును. నిజమే. కాని తిరుమలలో వైకుంఠం క్యూకాంప్లెక్సునందు గంటల తరబడి కూర్చుండు భక్తులను పరికింపుడు. అందరును ఒకే స్వామికై వచ్చినవారే. ఒకరు గోవిందనామము చెప్పుకొనుచు, ప్రక్కనున్న పసిబిడ్డకు చోటిచ్చి కూర్చుందురు. మరియొకరు గడియారము చూచుకొనుచు, ముందున్నవానిని త్రోయుచు, పరిచారకులతో కలహించుచుందురు. స్థలము పవిత్రమైనంతమాత్రమున నిరీక్షణము తపస్సు కాదు. వేచియున్నవాని మనస్సు ఎవరిని చూచుచున్నది? రానున్న వానినా, తన్నా? భేదము ఇచటనే యున్నది.

ఆండాళ్ తల్లి తిరుప్పావైలో గోపికలు మంచు కురియు వేకువజామున ఎన్ని వాకిండ్ల ముందు నిలిచిరో భక్తులకు తెలియును. నిద్రించు చెలులను ఒక్కొక్కరినే మేల్కొలిపిరి. పిమ్మట నందగోపుని ద్వారపాలకుని వేడిరి. అటుపైని నప్పిన్నను వేడిరి. తుదకు స్వామిని మేల్కొలిపిరి. ఏ వాకిట నిలిచినను వారికి ఆ తలుపు గాక తలుపు వెనుకనున్నవారే కనబడిరి. చెలికత్తెలను ఎత్తిపొడిచినను అందు ప్రేమయే కాని క్రోధము లేదు. శబరి మతంగాశ్రమమున శ్రీరామునికై వేచియుండి వనఫలములను సేకరించినది. ఆమె నిరీక్షణమంతయు రానున్న అతిథికి ఏమి సమకూర్చవలెనను చింతయే. తనకు రావలసిన దానిని లెక్కించుకొనువానికి కాలము భారమగును. తాను ఈయవలసిన దానిని సమకూర్చుకొనువానికి కాలము చాలదు.

ఇట్లనిన మాత్రమున, సొమ్ము తీసికొని సేవ సరిగా చేయనివారిని ప్రశ్నింపరాదని భావింపరాదు. లోపమును తెలిపి సరిచేయించుకొనుట గృహస్థునకు తగిన పనియే. అందరకును మేలు చేయునదియే. కాని లోపమునకు కారకుడు ఎచటనో యుండగా, ఎదుటనున్న భార్యమీదను, పిల్లలమీదను ఆగ్రహము చూపుట ధర్మము కాదు. ప్రశ్నింపవలసినవానిని ప్రశ్నించుటకు కోపముతో పనిలేదు. కోపము వెడలగ్రక్కుటకు మాత్రము అమాయకుడొకడు దగ్గర కావలెను. లోకమున ఎక్కువ కోపము దాని కారకుని చేరదు, ప్రేమించువారినే చేరును. అందుచేతనే అది అంత హానికరము.

తప్పిన దృశ్యమును మరునాడు మరల చూడవచ్చును. ఆ ప్రదర్శనము ఎచటనో భద్రపరచియే యుండును. కాని “చూశారా?” అని బిడ్డ అడిగిన క్షణమును భద్రపరచు యంత్రము లేదు. నిజముగా జారిపోయినది తెరమీది రెండున్నర నిమిషములు కావు, ఆ పావుగంట.

ఇక ఆ బాలిక మాటను తలచుకొందము. గాలిలోనికి ఎగిరినప్పుడు ఆమెకు పట్టుకొనుటకు కొమ్మ లేదు, నిలుచుటకు నేల లేదు. ఆమెకును అది నిరీక్షణమే. క్రిందనున్న చేతులకై నిరీక్షణము. “చూడక్కర్లేదు, వాళ్లుంటారు” అన్నది. శరణాగతికి పెద్దలు చెప్పిన ఆరు అంగములలో, భగవంతుడు రక్షించునను విశ్వాసము ఒకటి. తోటి పిల్లల చేతులను నమ్మి ఒక బాలిక అంత నిశ్చింతగా ఎగురగలిగినప్పుడు, ఎన్నడును ఏమరని స్వామి హస్తమును నమ్మినవారు అరనిమిషపు ఆలస్యమునకు కలతపడనేల? చక్రము తిరుగునంతసేపు ఆ బిడ్డ క్షేమముగా దిగవలెనని శ్రీనివాసుని ఒక్కమారు తలచినచో చాలును. అప్పుడు ఆ నిరీక్షణమును తపస్సే యగును.