తిథి తెలియని ఋషులు

మహాలయ పక్షాల్లో తర్పణం వదిలిస్తూ, తండ్రి తాత ముత్తాతల పేర్లు, తల్లి వైపు వారి పేర్లు అయిపోయాక కూడా పురోహితుడు ఆగడు. పెదనాన్నలు, బాబాయిలు, అన్నదమ్ములు, మేనత్తలు, మేనమామలు, అత్తమామలు... ఒక్కొక్కరినే అడుగుతూ గురువు దగ్గరికి, స్నేహితుడి దగ్గరికి వస్తాడు. వీళ్లని కారుణ్య పితరులంటారు. ఈ జాబితా దగ్గరికి వచ్చేసరికి చాలా ఇళ్లలో కర్తకు ఆఫీసు వేళ గుర్తొస్తుంది, నువ్వుల నీళ్లు గబగబా జారిపోతాయి. నాకు మాత్రం ఆ తంతు మొత్తంలో బాగా నచ్చే భాగం ఇదే. వంశం గడప దాటి, మనకు మేలు చేసినవాళ్లదాకా చెయ్యి చాపేది ఇక్కడే.

ఋషి తర్పణంలో ఆ చెయ్యి ఇంకా దూరం పోతుంది. దేవతలకు వేళ్ల కొసల నుంచి, పితృదేవతలకు బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నుంచి నీళ్లు వదులుతాం. ఋషులకైతే జంధ్యం దండలా వేసుకుని, చిటికెనవేలి మొదలు నుంచి వదలాలి. ఆ ఋషుల్లో మన గోత్రానికి మూలపురుషులు ఒకరిద్దరు ఉంటే ఉంటారు. మిగతావారికీ మనకూ చుట్టరికమేమీ లేదు. వాళ్లకు తెలిసింది వాళ్లతోనే పోకుండా మనదాకా వచ్చింది, అంతే. మనిషి పుడుతూనే మోసుకొచ్చే మూడు అప్పుల్లో ఋషి ఋణం ఒకటని తైత్తిరీయ సంహిత చెబుతోంది. యజ్ఞంతో దేవఋణం, సంతానంతో పితృఋణం తీరతాయి. ఋషి ఋణం తీరేది మాత్రం చదువుతోనే.

ఈ కాలంలో ఆ అప్పు ఎవరెవరికి పడ్డామో చూసుకుంటే, నాకు వికీపీడియా గుర్తొస్తుంది. అబ్బాయి స్కూలు ప్రాజెక్టుకో, చూడబోయే గుడి స్థలపురాణానికో, డాక్టరు చీటీ మీద రాసిన జబ్బు పేరుకో ఫోనులో దాన్ని తెరవని ఇల్లు తక్కువ. అవసరమైన నాలుగు ముక్కలు చదువుకుని మూసేస్తాం. అదే పేజీకి 'చరిత్ర' అని ఒకటి ఉంటుంది, దాన్ని నొక్కం. నొక్కితే ఆ వ్యాసం మొదట ఎవరు మొదలుపెట్టారో, ఏ తేదీన ఏ గంటకు ఎవరు ఏ అక్షరం దిద్దారో వరసగా కనిపిస్తుంది. 2001 నుంచి పోగవుతున్న పేర్లు అవి. జీతం లేదు, వ్యాసం కింద పేరూ పడదు. ఆ పేర్లలో కొందరు ఇప్పుడు లేరు.

వాళ్లను తలుచుకోవడానికి ఇంగ్లిష్ వికీపీడియాలో ఒక పుటే ఉంది. దాని పద్ధతులు చదువుతుంటే ఎవరో పెద్దవాళ్లు కూర్చుని రాసినట్టుంటాయి. మరణవార్త నిజమని రూఢి కానిదే పేరు చేర్చకూడదు. ఆ మనిషి తన గురించి రాసుకున్న వాడుకరి పేజీకి తాళం వేస్తారు, ఇకమీదట ఎవరూ దాన్ని చెరపకుండా. అయితే ఆ మనిషి రాసిన వ్యాసాలకు తాళం ఉండదు. వాటిని ఎవరైనా దిద్దవచ్చు, పెంచవచ్చు, పూర్తిగా తిరగరాయవచ్చు. ఈ ఏర్పాటు నాకు చాలా సబబుగా తోచింది.

దాని పక్కనే ఇంకో పుట ఉంది, కనబడకుండా పోయినవారిది. రోజూ రాసే మనిషి ఒకరోజు నుంచి రాయడు. విసుగొచ్చి మానేశాడో, మంచాన పడ్డాడో, పోయాడో తెలియదు. మారుపేరుతో రాసేవాళ్ల అసలు పేరు ఎవరికీ తెలియదు, కబురు చెప్పడానికి ఇంట్లోవాళ్లకు అటు దారి తెలియదు. మిగిలేది చివరి దిద్దుబాటు తేదీ ఒక్కటే. మన పెద్దలు ఇలాంటివాళ్లను ఊహించే ఉంటారనిపిస్తుంది. తిథి తెలియనివారికి మహాలయ అమావాస్య ఉంది. గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రం చెప్పమన్నారు. పిల్లలు లేని భీష్ముడికి మాఘ శుద్ధ అష్టమినాడు ఊరందరూ నీళ్లు వదులుతారు.

వికీపీడియాకు రాసేవాళ్లందరినీ కర్మయోగులని ఒక్క మాటలో అనేయడానికి మాత్రం మనసొప్పదు. ఒక ఊరి పేరు దీర్ఘంతో రాయాలా హ్రస్వంతో రాయాలా అని చర్చా పేజీలో రోజుల తరబడి పోట్లాడుకున్నవాళ్లు వీళ్లలో ఉన్నారు. ఎవరి దిద్దుబాట్లు ఎన్ని వేలు దాటాయో లెక్కలు చూసుకుని మురిసేవాళ్లూ ఉన్నారు. ఉండనివ్వండి. ఫలం మీద ఆశ వదలమని గీత చెప్పినప్పుడు మనకు వెంటనే డబ్బు, పేరు గుర్తొస్తాయి. అంతకంటే గట్టి ముడి మమకారం. రాత్రంతా కూర్చుని కూర్చిన వాక్యాన్ని పొద్దున్నే ముక్కూమొహం తెలియని ఒకడు కొట్టేస్తే ఊరుకోగలగడం, వాడు రాసిందే బాగుందని ఒప్పుకోగలగడం మామూలు సాధన కాదు. పుస్తకాలు రాసే మా బోటివాళ్లకు అది ఒక్కరోజు కూడా చేతకాదు.

అలా రాసి వెళ్లిపోయినవాళ్లలో ఒకరు ఏడ్రియన్ వాడెవిట్జ్, అమెరికాలో ఆంగ్ల సాహిత్యం మీద పరిశోధన చేసిన విదుషి. జేన్ ఆస్టిన్, మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్‌ల మీద ఆమె పెంచిన వ్యాసాలు ఇంగ్లిష్ వికీపీడియాలో మేలైనవాటిలో లెక్క. మొదట్లో తన పేరు తెలియనివ్వకుండా రాసింది. ఇక్కడ రాస్తున్నట్టు తెలిస్తే తోటి పండితులు చిన్నచూపు చూస్తారని జంకు. 2014లో కొండ ఎక్కుతూ జారిపడి, 37 ఏళ్లకే పోయింది. ఆమె స్మారకంగా అక్కడక్కడ జనం గుమిగూడారు. సంతాప తీర్మానాలతో సరిపెట్టలేదు, కూర్చుని వ్యాసాలు దిద్దారు.

మనకూ ఇలాంటి వారసత్వం ఉంది, కంప్యూటర్లు రాకముందే. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలపెట్టి మూడు సంపుటాలు తెచ్చారు. అవి మూడూ 'అ' అక్షరంతోనే నిండిపోయాయి. అంత పెద్ద పని నెత్తికెత్తుకున్నవాడికి ఆయుష్షు చాలలేదు. 1923లో మద్రాసులో వెళ్లిపోయారు. ఆ తరవాత ఆ పనిని కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు భుజాన వేసుకున్నారు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా లక్ష వ్యాసాలు దాటింది. 'అ' దగ్గర ఆగిపోయిన లక్ష్మణరావు కోరిక ఏ రూపంలో నెరవేరుతుందో ఎవరనుకున్నారు? తెలుగు వికీలో కష్టపడేవాళ్లకు ఇచ్చే పురస్కారానికి ఆయన పేరే పెట్టుకున్నారు. ఎవరు ఆలోచించారో గాని, తర్పణంతో సమానమైన పని.

వెళ్లిపోయిన ఇంకో వికీ రచయిత, ఇహోర్ కొస్తెంకో సంగతీ చెప్పాలి. ఉక్రెయిన్‌లో తెర్నోపిల్ ప్రాంతపు పల్లెటూరి కుర్రాడు. ల్వీవ్ విశ్వవిద్యాలయంలో భూగోళశాస్త్రం చదువుతూ ఉక్రెయిన్ భాషలోని వికీపీడియాకు రాసేవాడు. తన భాషలో దేనిగురించైనా చదువుకునే వీలు పెరగాలని అతని తపన. ఆ వికీపీడియా ఉందని జనానికి తెలియజెప్పడానికి అందరూ ఒకే రోజు కూర్చుని వ్యాసాలు రాయాలని ఒక ఆలోచన చేశాడు. అది జరిగేలోపే 2014 ఫిబ్రవరి 20న కీవ్ నగరంలో నిరసనకారుల మీద జరిగిన కాల్పుల్లో ప్రాణాలు కోల్పోయాడు. వయసు 22.

ఉక్రెయిన్ వికీపీడియా పుట్టినరోజు జనవరి 30. 2016లో ఆ రోజున అతని పేరు మీద, అతను అనుకున్నట్టే, అందరూ ఒకేరోజు వ్యాసాలు రాశారు. అతణ్ణి ఎప్పుడూ చూడనివాళ్లు కూడా కూర్చుని, తమకు తెలిసిన విషయం ఎంచుకుని, మొదటి వాక్యం మొదలుపెట్టారు.