ఆజ్ఞతో మైత్రి సాధ్యమా? శ్రీలంకలో ద్విభాషా శిక్షణ

ప్రభుత్వోద్యోగంలో చేరిన సింహళుడు తమిళం, తమిళుడు సింహళం నేర్చుకుంటే జాతుల మధ్య వైరం తగ్గుతుందన్న ఆశతో శ్రీలంక ప్రభుత్వం భాషా శిక్షణ నడుపుతోంది. ఈ ప్రయత్నం ఒక పాత ధర్మసందేహాన్ని మళ్లీ ముందుకు తెస్తుంది. మైత్రి మనసులో పుట్టాల్సిన భావం. ఉత్తర్వు బయటి నుంచి వచ్చే ఆజ్ఞ. ఇంక్రిమెంటు కోసం పరీక్ష రాసి నేర్చుకున్న భాష పొరుగువాడి మీద ఆదరం పుట్టిస్తుందా? పుట్టించలేకపోతే ఆ శిక్షణను తప్పనిసరి చేయడానికి రాజ్యానికి ఏ ధర్మం ఆధారం?

2012 జనగణన ప్రకారం శ్రీలంక జనాభాలో సింహళులు దాదాపు 75 శాతం. ఉత్తర, తూర్పు ప్రాంతాల తమిళులు, తేయాకు తోటల్లో పనికి దక్షిణ భారతం నుంచి వెళ్లినవారి సంతతి, ఇంట్లో తమిళమే మాట్లాడే అధికసంఖ్యాక ముస్లింలు కలిసి నాలుగో వంతు దాకా ఉంటారు. బ్రిటిష్ పాలనలో కచేరీల భాష ఇంగ్లీషు. 1956లో ఎస్.డబ్ల్యు.ఆర్.డి. బండారనాయకే ప్రభుత్వం సింహళాన్ని ఏకైక అధికార భాషగా చేసింది. ఇంగ్లీషు చదువుకున్న కొద్దిమంది గుప్పిట్లో ఉన్న పాలనను జనానికి అందించాలన్న న్యాయమైన కోరిక ఆ చట్టం వెనుక ఉంది. బుద్ధుని పరినిర్వాణానికి 2500 ఏళ్లు నిండిన వేడుకల ఉత్సాహం, భిక్షు సంఘాల మద్దతు దానికి తోడయ్యాయి. అయితే సింహళం రాని తమిళ రైతుకు మాత్రం పాలకుల భాష మారిందే తప్ప కష్టం మారలేదు.

మరుసటి ఏడాది బండారనాయకే, తమిళ నాయకుడు ఎస్.జె.వి. చెల్వనాయకం ఒక ఒప్పందానికి వచ్చారు. ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో పాలన తమిళంలో సాగడానికి అందులో వీలుంది. భిక్షువుల నిరసనల నడుమ 1958 ఏప్రిల్‌లో ప్రధాని దాన్ని రద్దు చేశాడు. మే నెలలో అల్లర్లు చెలరేగాయి. తమిళ భాషకు కొన్ని సదుపాయాలు కల్పిస్తూ అదే ఏడాది చేసిన చట్టానికి నిబంధనలు రావడానికి 1966 దాకా పట్టింది.

భాషా శిక్షణ, భాషా పరీక్షలు ఆ కాలంలోనూ ఉన్నాయి. అవి ఒక వైపుకే నడిచేవి. తమిళ ఉద్యోగి సింహళ పరీక్ష నెగ్గాలి, లేకపోతే ఇంక్రిమెంటు ఆగిపోతుంది. కోడీశ్వరన్ అనే ప్రభుత్వ గుమాస్తా ఆ పరీక్షకు కూర్చోనని కోర్టుకెక్కాడు. 1964లో జిల్లా న్యాయస్థానం అతని వైపు తీర్పునిచ్చింది. సుప్రీంకోర్టు దాన్ని తిప్పికొట్టింది. 1969లో, అప్పట్లో తుది అప్పీళ్లు వినే లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ సుప్రీంకోర్టు తీర్పును కొట్టివేసినా, భాషా చట్టం రాజ్యాంగానికి సరిపోతుందా అన్న అసలు ప్రశ్న తేలలేదు. శిక్షణ అన్నంత మాత్రాన అది సఖ్యతకు తోడ్పడుతుందని చెప్పలేమని ఈ వ్యాజ్యం చూపుతుంది. ఎవరి భాషను ఎవరు నేర్చుకోవాలన్నదాన్ని బట్టి అదే పాఠం కొన్నిసార్లు గౌరవం అవుతుంది, కొన్నిసార్లు అవమానం అవుతుంది.

1983లో తమిళ సాయుధ దళాలతో అంతర్యుద్ధం మొదలయ్యాక రాజ్యం దారి మార్చుకోవాల్సి వచ్చింది. 1987 భారత-శ్రీలంక ఒప్పందం తర్వాత వచ్చిన 13వ రాజ్యాంగ సవరణ తమిళాన్ని కూడా అధికార భాషగా గుర్తించి, ఇంగ్లీషును అనుసంధాన భాషగా పేర్కొంది. 1988 నాటి 16వ సవరణ పాలనలో, న్యాయస్థానాల్లో రెండు భాషల వాడకాన్ని వివరించింది. అమలును పర్యవేక్షించడానికి 1991 చట్టం కింద అధికార భాషల కమిషన్ ఏర్పడింది. హక్కు కాగితం మీదికి వచ్చింది కానీ తమిళంలో అర్జీ ఇస్తే చదివి జవాబు రాయగల ఉద్యోగులు చాలినంతమంది లేరు.

ఆ లోటు పూడ్చడానికి పుట్టిందే ఇప్పటి శిక్షణ విధానం. 2007 జులై 1 తర్వాత ఉద్యోగంలో చేరేవారు ఐదేళ్లలో రెండో అధికార భాషలో ప్రావీణ్యం సంపాదించాలని ప్రభుత్వం ఉత్తర్వు జారీ చేసింది. భాషా బోధకులకు, అనువాదకులకు శిక్షణ ఇచ్చే జాతీయ సంస్థకు కూడా ఆ ఏడాదే చట్టం చేశారు. 2009లో యుద్ధం ముగిసింది. తర్వాత నియమించిన గుణపాఠాల, సయోధ్య కమిషన్ 2011 నివేదికలో ప్రతి పోలీసు స్టేషన్‌లోనూ రెండు భాషలు వచ్చిన అధికారి 24 గంటలూ ఉండాలని, బాధితుల వాంగ్మూలం వారు కోరిన భాషలోనే నమోదు చేయాలని సిఫారసు చేసింది. 2012 జనవరిలో అబ్దుల్ కలాం అతిథిగా కొలంబోలో త్రిభాషా శ్రీలంక పదేళ్ల ప్రణాళిక మొదలైంది.

ఈ విధానం మీద మొదటి ఆక్షేపణ భాషకు, సఖ్యతకు ఉన్న సంబంధం గురించి. ఒకే భాష మాట్లాడేవారు ఒకరినొకరు చంపుకున్న ఉదాహరణలు చరిత్రలో తక్కువేమీ కాదు. 1971లోనూ, 1980ల చివరలోనూ దక్షిణ శ్రీలంకలో తిరుగుబాటు చేసిన యువకులు సింహళులే, వారిని అణచివేసిన ప్రభుత్వమూ సింహళులదే. 1986లో ఉత్తరాన తమిళ సాయుధ దళాలు ఒకదానితో ఒకటి తలపడ్డాయి. 1994లో రువాండాలో హుటూలు, టుట్సీలు మాట్లాడిన భాష ఒక్కటే. తగాదాకు మూలం భూమిలో, ఉద్యోగాల్లో, అధికారంలో ఉంటే భాష తెలిసినంత మాత్రాన అది తీరదు.

రెండో ఆక్షేపణ బలవంతం గురించి. పరీక్ష కోసం చదివిన భాష ధ్రువపత్రంతోనే ముగిసిపోవచ్చు. సింహళం, తమిళం రెండింటిలోనూ రాతభాషకు, నోటిమాటకు దూరం ఎక్కువ. వ్యాకరణం అప్పజెప్పి నెగ్గిన ఉద్యోగి ఎదుటికొచ్చిన తోట కూలీ మాట పట్టుకోలేకపోవచ్చు. భాష వస్తే రావచ్చు, ఆదరం మాత్రం మార్కుల జాబితాలో దొరకదు.

ఈ ఆక్షేపణలకు సమాధానం వెతకడానికి ఆ ద్వీపంలో తరతరాలుగా చదివే గ్రంథాలే చాలు. మజ్ఝిమనికాయంలోని అరణవిభంగ సుత్తంలో కలహం లేని నడవడి ఎలాంటిదో బుద్ధుడు వివరిస్తాడు. ఒకే పాత్రను ఒక్కో జనపదంలో ఒక్కో పేరుతో పిలుస్తారని, తన సీమ మాటే సరైనదని, తక్కినవన్నీ తప్పని పట్టుబట్టేవాడు కలహానికి కారకుడవుతాడని ఆ బోధ సారం. ఏ సీమకు వెళ్తే ఆ సీమ మాటను పట్టుదల లేకుండా వాడేవాడు కలహానికి దూరంగా ఉంటాడు. ఈ బోధ తన భాషను వదులుకోమనదు, తన భాషతో ఎదుటివాడి మీద గెలవాలనే పట్టును వదలమంటుంది. వెళ్లినవాడే అక్కడివారికి అనుగుణంగా మారాలన్న సూత్రం ఇందులో ఉంది. తమిళం మాట్లాడేవారు ఎక్కువగా ఉండే తూర్పు తీర పట్టణం బట్టికలోవాకు బదిలీ అయిన సింహళ అధికారికి అది నేరుగా వర్తిస్తుంది. ఒకే భాషకు పట్టం కట్టిన 1956 చట్టానికి బౌద్ధ ఉత్సాహం ఊతమిచ్చినా, ఈ సుత్తం దృష్టిలో ఆ చట్టానికి సమర్థన దొరకడం కష్టం.

తన కుమారుడు, భిక్షువు అయిన మహిందుడి ద్వారా లంకకు బౌద్ధాన్ని పంపినవాడిగా సంప్రదాయం చెప్పుకునే అశోకుడు ఆజ్ఞకు ఉన్న హద్దును కూడా చూపాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ చెక్కించిన శిలాశాసనాల్లో 12వది స్వమతాన్ని అతిగా పొగడకుండా, పరమతాన్ని అకారణంగా నిందించకుండా వాక్కును అదుపులో ఉంచుకోమంటుంది. ఒకరి ధర్మాన్ని ఒకరు వినమంటుంది. రాజు ఇక్కడ ప్రేమను ఆజ్ఞాపించలేదు. అందరి కళ్లకూ కనిపించే నడవడిని కోరాడు.

బౌద్ధ సాధనలో మైత్రి ఎవరికి వారు తమ చిత్తంలో పెంచుకోవాల్సింది. ఒకరి బదులు మరొకరు దాన్ని సాధించి పెట్టలేరు, రాజ్యం అసలే సాధించలేదు. సిగాలోవాద సుత్తం మాత్రం మనుషులను కలిపి ఉంచేవాటిగా దానం, ప్రియవచనం, ఎదుటివారికి మేలు చేసే నడత, సమభావం అనే నాలుగింటిని చెబుతుంది. ఇవి ఆచరణకు సంబంధించినవి కాబట్టి పాలకుల నుంచి వీటిని కోరవచ్చు. భాషా శిక్షణ వీటిలో రెండోదానికి మాత్రమే సాయపడుతుంది. అధికారి తమిళంలో మర్యాదగా మాట్లాడి, ఆక్రమణకు గురైన భూమి గురించిన అర్జీని పక్కన పడేస్తే మూడోది లోపిస్తుంది. సింహళ అధికారులకు తమిళం వచ్చింది కనుక తమిళులను ఉద్యోగాల్లోకి తీసుకోనక్కర్లేదని వాదిస్తే నాలుగోది లోపిస్తుంది. తమిళుల నీతిగ్రంథం తిరుక్కురళ్ కూడా ప్రజలకు సులభంగా అందుబాటులో ఉండడాన్ని, కటువుగా మాట్లాడకపోవడాన్ని రాజు సుగుణాల్లో కలిపి చెబుతుంది. మాట, అందుబాటు విడదీయరానివన్న విషయంలో రెండు సంప్రదాయాలదీ ఒకే దారి.

ఈ వెలుగులో చూస్తే బలవంతం గురించిన ఆక్షేపణ బలం కొంత తగ్గుతుంది. పౌరుడు రాజ్యం భాష నేర్చుకోవాలనడం వేరు, జీతం తీసుకునే అధికారి పౌరుడి భాష నేర్చుకోవాలనడం వేరు. మొదటిది బలహీనుడి మీద భారం, రెండోది బలవంతుడి విధి. విధిని కోరడానికి ఉద్యోగి మనసులో ఆదరం ఉందో లేదో చూడాల్సిన పని లేదు. అనువాదకులను పెడితే సరిపోతుందనే వాదన పెద్ద కార్యాలయాల్లో చెల్లవచ్చు. అర్ధరాత్రి ఠాణాకు వచ్చిన మనిషికి మాత్రం ఎదుట ఉన్న అధికారికే తన మాట అర్థం కావాలి.

మొదటి ఆక్షేపణ అంత తేలిగ్గా వీడిపోదు. భూమి, అధికార వికేంద్రీకరణ, యుద్ధకాలంలో అదృశ్యమైనవారి సంగతి భాషా తరగతుల్లో తేలేవి కావు. రాజ్యం చిత్తవృత్తి కూడా నిలకడగా లేదు. 2016 స్వాతంత్ర్య దినోత్సవంలో జాతీయగీతాన్ని తమిళంలోనూ పాడారు, 2020 అధికారిక వేడుకలో అది లేదు. ఇలాంటి లాంఛనాలు ప్రభుత్వాలతో పాటు మారుతుంటాయి. అధికారికి ఒకసారి పట్టుబడిన భాష అంత త్వరగా పోదు. అందుకే ఉత్సవాలకన్నా శిక్షణకు విలువ ఎక్కువ, దాని ఫలితానికి ఉన్న హద్దు కూడా అంతే స్పష్టం. అవమానానికి ఒక కారణాన్ని అది తొలగించగలదు. మైత్రి ఆ తర్వాత మనుషుల ఇష్టాన్ని బట్టి వచ్చేది. కాబట్టి ఈ విధానాన్ని కొలవాల్సింది పంచిన ధ్రువపత్రాల సంఖ్యతో కాదు. తమిళంలో ఇచ్చిన ఫిర్యాదుకు తమిళంలో జవాబు, దాంతోపాటు న్యాయం అందిందా అన్నదే సరైన కొలత.